షిఫ్టుల వారీ ఊరేగింపు

కర్మాగారం క్వార్టర్లు
జూన్ 4

గౌరవనీయులైన వదినగారికి,

మీ తమ్ముడి భార్య, గాజు సీసాల కర్మాగారం కార్మిక సంఘం సహాయ కార్యదర్శి, రెండు హోదాల్లోనూ నమస్కరించి రాయునది.

మనిద్దరి ఫోను సంభాషణలు ఏ విధంగా ముగుస్తాయో రెండు కుటుంబాలకూ అనుభవమే. అందువల్ల ఇకమీదట సమస్త విషయాలూ రాతపూర్వకంగా నడవాలని మీ తమ్ముడు ప్రతిపాదించగా, ఇంట్లోని సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు. వంతెన దాటి మీ పేటకు ఉత్తరాలు చేరవేసే బాధ్యత ఆయనకే అప్పగించాం. అభిప్రాయాలు చేరవేసే బాధ్యత అప్పగించలేదు.

ఇక విషయం. మా పాత కొలిమి పొగ వాతావరణానికి చేటని కంపెనీవారు ఎట్టకేలకు కనిపెట్టారు. మేము దాని ముందు నిలబడి పనిచేస్తూ, మీరు దాని కింద బట్టలు ఆరేసుకుంటూ ఇన్నేళ్ళూ ఆ సంగతి కనిపెట్టలేకపోయాం. దాని బదులు కరెంటు కొలిమి కడతారట. దానికి కావలసిన స్థలం ఏటికట్ట కింది మీ పేట. పోయిన వారం మేనేజరుగారు మా సంఘాన్ని పిలిచి, పేట ఖాళీ అయితే మీ ఉద్యోగాలు ఉంటాయి, పేటవాళ్ళు మొండికేస్తే కొలిమి మూసి అందరినీ ఇళ్ళకు పంపడమే అని సెలవిచ్చారు. మర్నాడు అదే చొక్కాతో మీ పేటకు వచ్చి, ఊరవతల పొగా వరదా లేని గదులు మీకోసం సిద్ధంగా ఉన్నాయి, ఈలోగా మీరు పొగ పీలుస్తున్నారంటే అది పాత కొలిమిని పట్టుకు వేలాడే కార్మికుల పుణ్యమే అని చెప్పినట్టు మీ తమ్ముడు విని వచ్చారు. అంటే మాకు మీరు అడ్డు, మీకు మేము అడ్డు. ఆయనకు మాత్రం ఎవరూ అడ్డు లేరు.

కనుక నా ప్రతిపాదన: ఒకే ఊరేగింపు, ఒకే వినతిపత్రం. కొలిమి మారాలి, కార్మికుడు మారకూడదు. కట్ట ఎత్తు పెరగాలి, పేట కదలకూడదు. పాత కొలిమి ఉన్న చోటే కొత్తది కట్టవచ్చని మా ఫిట్టర్లు బల్ల గుద్ది చెబుతున్నారు. మా అధ్యక్షుడు మాత్రం ఆలోచించాలి అన్నారు. ఆయన కొలిమి వేడి చివరిసారి ఎప్పుడు చూశారో ఆయన జుట్టుకే తెలియాలి. ఆ సాక్షి కూడా రాలిపోయింది.

ఈ వేసవిలో కొలిమి ముందు మనుషులు వరసగా సొమ్మసిల్లి పడిపోతే యాజమాన్యం వెంటనే స్పందించి గోడకు ఒక థర్మామీటరు బిగించింది. వేడి తగ్గలేదు గాని ఎంత ఉందో ఇప్పుడు అందరికీ తెలుస్తోంది.

మరో సంగతి. మీరు కుట్టి పంపిన చొక్కాకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. రెండు చేతులూ ఒకే మనిషివని కుట్టేటప్పుడు మీకెవరైనా గుర్తుచేసి ఉండవలసింది.

ఇట్లు,
విధేయత మినహా తక్కిన అన్ని మర్యాదలతో,
మీ మరదలు


ఏటికట్ట పేట, మొదటి వరస
జూన్ 9

చిరంజీవి మరదలికి,

ఆడపడుచు హోదాలో దీవెనలు. పేట సంఘం అధ్యక్షురాలి హోదాలో ఏమివ్వాలో సంఘం ఇంకా తీర్మానించలేదు.

నీ ఉత్తరం అందింది. మా తమ్ముడు ఇచ్చి, గుమ్మంలోనే నిలబడి, నేను చదువుతున్నంతసేపూ నా ముఖం కేసి చూడకుండా గోడ కేసి చూశాడు. పెళ్ళికి ముందు వాడికి ఈ విద్య రాదు.

చొక్కా గురించి. నువ్వు వెలుగు బల్ల ముందు కూర్చుని, పగుళ్ళున్నాయేమోనని కుడిచేత్తో సీసా తిప్పి చూస్తూ ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకునే ఉద్యోగం చేస్తావని తెలిసే అలా కుట్టాను. పొడుగాటి గుడ్డ పనిచేయని చేతికి దండగ. నా మిషను మీద ఇప్పటిదాకా ఎవరికీ పొరపాటు జరగలేదు. మనుషుల కొలతల్లోనే జరిగింది.

ఊరేగింపు ప్రతిపాదన పేట సంఘం ముందు పెట్టాను. ఇన్నేళ్ళుగా మీ కొలిమి మసి మా ఆరేసిన బట్టల మీద పడినప్పుడు మీ సంఘానికి మేము గుర్తుకు రాలేదనీ, ఇప్పుడు మీ కుర్చీ కిందికి నీళ్ళొచ్చేసరికి వంతెన అవతల చుట్టాలున్నారని తెలిసొచ్చిందనీ కొందరు సభ్యులు అభిప్రాయపడ్డారు. ఆ కొందరిలో అధ్యక్షురాలు కూడా ఉంది. అయినా ఆమోదించాం. ఎందుకంటే నువ్వు ఉత్తరం రాసిన రోజే సర్వేయరు వచ్చి మొదటి వరస గోడల మీద ఎర్రరంగుతో గీతలు గీశాడు. మొదటి వరసలో మొదటి ఇల్లు నాది. గీసి, దాహంగా ఉందమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా అన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాణ్ణి గురించి వినడమే గాని చూడడం ఇదే మొదలు. నీళ్ళిచ్చాను. గ్లాసు మాత్రం కడిగి ఇమ్మన్నాను.

మాకు సాయంగా పట్నం నుంచి ఒక వాతావరణ మేధావిని పంపారు. ఎవరు పంపారో ఆయనకూ తెలియదు. పేట ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, చార్టు కాగితాలిచ్చి, మీ బాధను రంగుల్లో గీయండి అన్నాడు. పోయినేటి వరద గీయబోతే నీలం పెన్ను సగంలో అయిపోయింది. మిగతా వరదను ఆకుపచ్చతో గీశాం. ఆయన ఆ ఆకుపచ్చ చూసి చాలాసేపు తలాడించి, కింద ‘ఆశ’ అని రాసుకున్నాడు. ఆ చార్టులు తీసుకుని వెళ్ళాడు. వరద మాత్రం ఇక్కడే ఉంది.

బ్యానరు గుడ్డ మీ సంఘం పంపాలి. కుట్టు మాది. అందులో చేతులు ఉండవు కాబట్టి నీకు ఫిర్యాదు ఉండదనుకుంటాను.

ఇట్లు,
ఎర్రగీత ఇవతలి నుంచి,
నీ ఆడపడుచు


కర్మాగారం క్వార్టర్లు
జూన్ 17

వదినగారికి,

పోయిన ఆదివారం ప్రాథమిక పాఠశాలలో జరిగిన సంయుక్త కార్యాచరణ సమితి ప్రథమ సమావేశానికి మీరు పంటినొప్పి వల్ల రాలేకపోయినందుకు మీకు అభినందనలు. వచ్చి ఉంటే నొప్పి తలకు ఎక్కేది. సమావేశ వివరాలు మీ దృష్టికి తేవడం నా విధి.

ఒకటో తరగతి బెంచీల మీద పెద్దమనుషులందరూ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. ఎజెండాలో మొదటి అంశం బ్యానరు. దాని మీద ‘శ్రమ’ ముందు రావాలా, ‘నేల’ ముందు రావాలా అన్నది ప్రశ్న. శ్రమ లేనిదే నేల బీడు అని మావాళ్ళు, నేల లేనిదే శ్రమ ఎక్కడ నిలబడుతుందని మీవాళ్ళు. మీ పేట తరఫున వచ్చిన ఆ రిటైరైన లెక్కల మాస్టారు, అదే, ఎవరు నోరు తెరిచినా సవరణ ప్రతిపాదించే మనిషి, రెండు మాటలూ పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి రాయాలని సవరించారు. అప్పుడు పైన ఏది ఉండాలన్నది ప్రశ్న అయింది. చివరికి రెండు మాటలనూ గుండ్రంగా రాయాలని తీర్మానించాం. ఎక్కడ మొదలుపెట్టి చదవాలో ఎవరికీ తెలియదు కనుక ఎవరికీ అభ్యంతరం లేదు. ఉద్యోగాలూ ఇళ్ళూ రెండో అంశం. దానికి సమయం చాలలేదు.

మా అధ్యక్షుడు ముగింపు ఉపన్యాసంలో, భూగోళం మన ఉమ్మడి ఇల్లు అన్నారు. వెనక బెంచీలోంచి మా ఫిట్టరొకడు, మరి ఆ ఇంటికి ఎర్రగీత పడిందా అని అడిగాడు. అతనిపై క్రమశిక్షణ చర్య పరిశీలనలో ఉంది.

ఊరేగింపు ఈ నెల 30న. పొద్దున్నే వంతెన దగ్గర బయలుదేరి జిల్లా కార్యాలయం గేటు వరకు. మావాళ్ళు షిఫ్టు ప్రకారం హాజరవుతారు. ఈ విషయంలో మీకు ఎలాంటి సందేహమూ అక్కర్లేదు.

గుడ్డ పంపుతున్నాను. మిగిలితే తిరిగి పంపండి. మిగలదని తెలుసు. అయినా రాయడం పద్ధతి.

ఇట్లు,
మీ మరదలు


ఏటికట్ట పేట
జూన్ 23

మరదలికి,

గుడ్డ మిగల్లేదు. నీ ముందుచూపుకు జోహార్లు.

మావాళ్ళకు నీ ఉత్తరం చదివి వినిపించాను. షిఫ్టు ప్రకారం అంటే ఏమిటని అడిగారు. ఎవరి తీరికను బట్టి వాళ్ళు వస్తారని అర్థం, పెద్ద సంఘం కదా, అలాగే మాట్లాడతారు అని చెప్పాను. తీరిక లేనివాళ్ళు రాకపోయినా ఫరవాలేదు. వచ్చినవాళ్ళు మాత్రం కదలకూడదు.

ఆ మాట ఎందుకంటున్నానో విను. మొదటి వరసకు నోటీసు వచ్చింది. జులై 10 లోగా ఖాళీ చేయాలి. అభ్యంతరాలుంటే 30వ తేదీన జిల్లా కార్యాలయంలో తెలియజేసుకోవాలి, ‘ఉభయ పక్షాల ప్రతినిధులు స్వయంగా హాజరైనచో’ అధికారిగారు వింటారట. ఉభయ పక్షాలు అంటే మీరూ మేమూనట. కంపెనీ ఏ పక్షంలో ఉందో అందులో రాయలేదు. బహుశా అది పక్షాలకు అతీతం. గుమాస్తా చెప్పిందేమంటే, సారు పొద్దుటంతా మీటింగుల్లో ఉంటారు, బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది, అప్పుడు గేటు దగ్గర రెండు వర్గాలూ కలిసి కనబడితేనే కాగితం తీసుకుంటారు, లేకపోతే అభ్యంతరం లేనట్టే. కాబట్టి అసలు ఊరేగింపు పొద్దున కాదు, ఆ రెండు దాటాకనే. ఆయన బయటికొచ్చేదాకా ఒక్క మనిషి కదలడానికి వీల్లేదు. మీవాళ్ళకు చెప్పు. బోర్డు మీద రాయించు. మా తమ్ముడికి మాత్రం విడిగా చెప్పు. వాడికి ఏదైనా రెండుసార్లు చెప్పాలి. నీతో ఉన్నాక మూడుసార్లు.

మీ అధ్యక్షుడు, మేనేజరు కారులోంచి దిగుతుండగా మా పేట పిల్లలు చూశారట. గాలికి తలుపు తెరుచుకుంటే పొరపాటున కూర్చున్నాడేమో. నేను ఏమీ అనడం లేదు. మా సంఘం కోశాధికారి కూడా ఊరవతల గదులు చూసి వచ్చాడు. కుళాయి తిప్పితే గాలి వస్తోంది, అది చల్లగానే ఉందన్నాడు. తిలాపాపం తలా పిడికెడు.

వానలు మొదలయ్యాయి. ఏరు ఇంకా కట్టకు కిందే ఉంది. మిషను ఎత్తు బల్ల మీదికి ఎక్కించాను. బ్యానరు పూర్తయింది. గుండ్రంగా రాసిన అక్షరాలు చూసి ఇది సబ్బు ప్రకటనా అని దారిన పోయేవాళ్ళు అడుగుతున్నారు.

ఇట్లు,
నీ ఆడపడుచు


కర్మాగారం క్వార్టర్లు
జూన్ 27

వదినగారికి,

మీ సూచన అందరికీ తెలియజేశాను. కార్మికుడికి నిలబడడం నేర్పనక్కర్లేదు. కొలిమి ముందు పనిచేసేవాడు వచ్చిన మనిషికి అప్పజెప్పకుండా తన చోటు వదిలి ఎరగడు. అది మాకు రక్తంలో ఉన్న పద్ధతి. మీ పేటవాళ్ళు చిన్న చినుకు పడగానే గొడుగుల కోసం ఇళ్ళకు పరిగెత్తకుండా చూసుకోగలరు.

అధ్యక్షుడి కారు విషయం విచారించాను. ఆయనకు నడుం నొప్పి ఉందని వివరణ ఇచ్చారు. ఏ కారు ఎక్కినా తగ్గుతుందా, మేనేజరు కారుకే తగ్గుతుందా అన్నదానికి వివరణ రావలసి ఉంది.

మీ తమ్ముడికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ సరేనన్నారు.

ఇట్లు,
మీ మరదలు


ఏటికట్ట పేట
జులై 1

సంఘం సహాయ కార్యదర్శికి,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. తెచ్చి ఇచ్చే మనిషి ఇకమీదట మా గుమ్మం తొక్కనక్కర్లేదు.

నిన్నటి సంగతులు నీకు తెలియవు కాబట్టి రాస్తున్నాను. తెలిసి నటిస్తున్నట్టయితే రికార్డు కోసం రాస్తున్నాను. పొద్దున వంతెన దగ్గర మీ సంఘం వరసలు వరసలుగా, ఒకే రంగు టోపీలతో నిలబడితే మా ముసలివాళ్ళకు కళ్ళు చెమర్చాయి. ఇంత బలగం మన వెంట ఉందా అనుకున్నారు. ఊరంతా నడిచాం. మీ డప్పు, మా పాట. దుకాణాలవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. సబ్బు ప్రకటన బ్యానరు కూడా ఆ జనంలో బాగానే ఉంది. గేటు ముందు కూర్చున్నాం. మీ ఫిట్టరొకడు మా వెనక వరస ఆవిడకు తన టోపీ ఇచ్చాడు, ఎండగా ఉందని. ఆవిడ అది ఇంకా తలమీంచి తీయలేదు. ఇప్పుడు తీయిస్తాను.

ఒకటి దాటి కాస్త అయిందో లేదో మీవాళ్ళు ఎవరో ఈల వేసినట్టు ఒక్కసారిగా లేచారు. జెండా కర్రలు గోడకు ఆనించారు. బట్టలు దులుపుకున్నారు. ఒక్క మనిషి కారణం చెప్పలేదు. నీ మొగుడు నా ముందుకొచ్చి, “అక్కా, టైమైంది” అన్నాడు. దేనికిరా అన్నాను. “డ్యూటీకి” అన్నాడు. అని, వెళ్ళిపోయాడు. నా తమ్ముడు, నేను నడక నేర్పినవాడు, ఆ నడకతోనే వెళ్ళిపోయాడు.

గేటు ముందు మేము మిగిలాం. ముసలివాళ్ళూ పసిపిల్లలూ ఒక సవరణల మాస్టారూ. రెండు దాటాక అధికారి బయటికొచ్చాడు. మా తలలు చూశాడు. గోడకు ఆనించిన కర్రలు చూశాడు. “రెండో పక్షం ఏదమ్మా?” అన్నాడు. కాగితం తీసుకోకుండా కారెక్కాడు. మేము కూడా లేచి వచ్చేశాం. బ్యానరు అక్కడే వదిలేశాను. అందులో గుడ్డ మీదే కదా.

పదో తేదీన నా ఇల్లు పోతుంది. మీ ఉద్యోగాలు ఉంటాయి. మేనేజరు లెక్క సరిపోయింది. నిజానికి మీరు చేసిందేమీ కొత్తది కాదు, ఇన్నేళ్ళూ పొగ పంపారు, నిన్న మనుషుల్ని పంపి వెనక్కి పిలిచారు. పొగకైతే ఆ మాత్రం కూడా వెనక్కి వెళ్ళడం తెలియదు.

ఇట్లు,
మొదటి వరస, మొదటి ఇల్లు


కర్మాగారం క్వార్టర్లు
జులై 4

పేట సంఘం అధ్యక్షురాలికి,

మీ ఉత్తరం చదివిన తరవాత మొదట నీళ్ళు తాగాను, తరవాత రాస్తున్నాను.

షిఫ్టు ప్రకారం హాజరవుతారు అని జూన్ 17న స్పష్టంగా రాశాను. దానికి మీరు ‘తీరికను బట్టి’ అని భాష్యం చెప్పారు. తీరిక అన్న పదార్థం ఈ కర్మాగారంలో తయారు కాదు. కొలిమిని ఒక్క గంట మనిషి లేకుండా వదిలితే లోపలి గాజు గడ్డకట్టి కొలిమి నిలువునా పగులుతుంది. అప్పుడు మేనేజరు మూయనక్కర్లేదు, మేమే మూసినట్టు. అందుకని సమ్మె కాని ఏ పనికైనా మా సంఘం షిఫ్టుల్లోనే కదులుతుంది. పొద్దున మీతో నడిచింది మధ్యాహ్నం షిఫ్టువాళ్ళు. వాళ్ళు రెండింటికి కొలిమి దగ్గరికి చేరితేనే పొద్దుటి షిఫ్టువాళ్ళు బయటికి రాగలరు. వచ్చేవాడు పోయేవాడి పార మీద చెయ్యి వేసి ‘నాది’ అనాలి. ఆ మాట వినేదాకా పోయేవాడు పోడు. ఇది మీకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటారా? పొద్దున సూర్యుడు వస్తాడని కూడా మీకు నేను ఎప్పుడూ రాయలేదు.

పొద్దుటి షిఫ్టు మాది. మేము బల్లల దగ్గరా కొలిమి దగ్గరా అప్పజెప్పి, చేతులు కూడా కడుక్కోకుండా, ఊరు అడ్డంగా దాటి గేటు దగ్గరికి వచ్చాం. రోడ్డు ఖాళీ. మా జెండా కర్రలు గోడకు ఉన్నాయి. బ్యానరు మురుగు కాలవ పక్కన ఉంది. వచ్చాం కదా అని ఖాళీ రోడ్డుకే నినాదాలిచ్చాం. కార్యాలయం కాపలావాడు, మీ మొదటి ఆట అయిపోయిందండీ అన్నాడు. కాస్త ఆగలేని మనుషులతోనా మనం భూగోళాన్ని కాపాడబోయేది అని మావాళ్ళు అడిగారు. ఆడపడుచు పరువు అనేది ఒకటి ఉంటుందని మరో నినాదం అందుకున్నాను.

నన్ను ఎన్ని అన్నా సరే. మీ తమ్ముణ్ణి అన్నారు. ఆయన ఆ రోజు డ్యూటీ దిగి ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా గోడ కేసి చూస్తూ కూర్చున్నారు. అక్క గోడలాంటిదేనని, ఎటు తిరిగినా అక్కడే ఉంటుందని ఆయన నమ్మకం. మీరు మీ గుమ్మం తొక్కవద్దన్నారు కాబట్టి ఇప్పుడు చూడడానికి మా గోడే మిగిలింది.

బ్యానరు ఉతికి ఆరేశాను. మసి పడుతోంది. మళ్ళీ ఉతుకుతాను.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య


ఏటికట్ట పేట, రెండో వరస
జులై 11

మరదలికి,

చిరునామా మారింది, గమనించగలవు.

నిన్న యంత్రం వచ్చింది. దాని వెనక అధికారి ఒక ఉత్తర్వు చదివాడు. ‘30వ తేదీన కార్మిక ప్రతినిధులు మధ్యలో నిష్క్రమించినందునను, పిమ్మట పేటవాసులు నిష్క్రమించినందునను, ఉభయులకూ అభ్యంతరం లేనట్లు భావించడమైనది.’ మన రెండు సంఘాలూ కలిసి పూర్తిచేసిన మొదటి పని ఇదే. ఆ ఉత్తర్వును మన సమితి రాసుకున్నా ఇంత పొందిగ్గా వచ్చేది కాదు. మాస్టారు అలవాటు చొప్పున సవరణ ప్రతిపాదించబోయారు. యంత్రం చప్పుడులో వినపడలేదు.

మిషను నేనే మోసుకొచ్చాను. ఒకరు పట్టుకోబోతే వద్దన్నాను. గోడ పడేటప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిసి ఉంది కదా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సూర్యుడి సంగతి ముందే రాసి ఉండాల్సింది. మేము కట్ట కింద ఉంటాం, మాకు అది కాస్త ఆలస్యంగా కనపడుతుంది. వాడికి చెప్పు, గుమ్మం తొక్కవద్దన్నాను గాని ఇప్పుడు ఆ గుమ్మం లేదు కాబట్టి ఆ ఆజ్ఞ చెల్లదు.

రెండో వరసకు ఈ నెల 24 గడువు.

ఇట్లు,
నీ ఆడపడుచు


కర్మాగారం క్వార్టర్లు
జులై 13

వదినగారికి,

మీ తమ్ముడు ఈ ఉత్తరంతో పాటు ఒక తోపుడు బండి కూడా తెస్తున్నారు. ఉత్తరం మీకు, బండి మిషనుకు. క్వార్టరులో కిటికీ పక్కన ఒక మంచం ఖాళీగా ఉన్నట్టు తనిఖీలో తేలింది. అభ్యంతరాలు స్వీకరించబడవు.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమంటే, మా గేటుకు కూడా నిన్న ఒక కాగితం అంటించారు. మీ ఉత్తర్వూ మా కాగితమూ ఒకే చేతి రాత. ‘ఉభయులకూ అభ్యంతరం లేనందున’ పాత కొలిమి నెలాఖరుకు మూత, కొత్తది కట్టాక కొత్తవాళ్ళను తీసుకుంటారట. పేట పోతే ఉద్యోగాలు ఉంటాయన్న మాట ఏమైందని మేనేజరును అడిగితే, అది అవగాహన కల్పించే దశలో చెప్పిన మాట, ఇది అమలు దశ అన్నారు. అధ్యక్షుడి నడుం నొప్పి ఒక్కసారిగా తగ్గి, నిటారుగా నిలబడి నినాదాలిస్తున్నారు. మేము ఆయన్ను చూడడం లేదు.

మళ్ళీ ఊరేగింపు తీయాలి. ఈసారి కొలిమికీ గేటుకీ మధ్య ఖాళీ లేకుండా ఎలాగో నాకు తోచడం లేదు. మీకు తోస్తే చెప్పండి. ఇది నేను అడుగుతున్నట్టు ఎక్కడా నమోదు కాకూడదు.

ఇట్లు,
మీ మరదలు


కిటికీ పక్క మంచం
జులై 25

గోడ పక్క మంచానికి,

ఒకే గదిలో ఉండి ఉత్తరం ఏమిటని నా తమ్ముడు నవ్వుతున్నాడు. నిన్న పొద్దున నీళ్ళ బిందె దగ్గర మనిద్దరం నోటితో మాట్లాడుకుంటే ఏమైందో వాడు చూశాడు కదా. నువ్వు డ్యూటీకి వెళ్ళావు. రాసి నీ దిండు కింద పెడుతున్నాను.

నిన్నటి రెండో ఊరేగింపు నివేదిక సమితికి పంపాలట. మాస్టారు రాశారు, చదివాను, చించేశాను. సంగతి ఇంతే అని రాసి ఇచ్చాను: కొలిమి నడిచి గేటుకు రాలేదు కాబట్టి ఊరేగింపునే ముందు కొలిమి దగ్గరికి తీసుకెళ్ళాం. షిఫ్టు మారే వేళకు పేటంతా మీ కర్మాగారం గేటు ముందు ఉంది. మాతో నడిచినవాళ్ళు లోపలికి పోయారు. లోపలివాళ్ళు మసి ముఖాలతో బయటికొచ్చి, వాళ్ళ చేతుల్లోంచి జెండా కర్రలు అందుకున్నారు. ఒక్క కర్ర కూడా గోడకు ఆనలేదు. అక్కణ్ణుంచి అందరం కలిసి జిల్లా కార్యాలయం గేటుకు నడిచాం. ఇది నా ఆలోచనేనని నివేదికలో రాయలేదు. నువ్వు రాయిస్తావేమోనని చూశాను. నువ్వూ రాయించలేదు.

నివేదికలో రాయనిది ఒకటుంది. డిమాండ్ల ముసాయిదాలోంచి మాస్టారు ‘మొదటి వరస’ తీసేశారట. స్థలంలో లేని ఇళ్ళ గురించి డిమాండు చేయడం సాంకేతికంగా కుదరదని సవరణట. మీ సంఘమూ చప్పట్లు కొట్టిందట. నేను ఆ మీటింగులో లేను, బండి మీద మిషను తోసుకొస్తున్నాను. నువ్వు లేచి, మొదటి వరస మొదటి అంశంగా లేకపోతే వెలుగు బల్లల ఆడవాళ్ళు ఒక్కరూ రారని చెప్పి కూర్చున్నావట. ఈ సంగతి నాకు నువ్వు చెప్పలేదు. నిన్న అధికారి ఆ కార్యాలయం గేటు ముందు కాగితం చేతికి తీసుకుని మొదటి అంశం చదివి, “ఈ ఇళ్ళు ఇప్పుడు లేవు కదమ్మా” అన్నప్పుడు తెలిసింది. నేను నోరు తెరిచేలోగా, “ఉన్న ఇంటిని ఎవరైనా అడుగుతారాండీ?” అన్నావు. రెండు వేల మంది నవ్వారు. ఆయన నవ్వలేదు గాని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పారేయలేదు. రెండో వరస గడువు వాయిదా వేశాడు. కొలిమి మూత మీద విచారణ అన్నాడు. మొదటి వరస మీద మాత్రం, కూర్చోండి, పైవాళ్ళను అడగాలి అన్నాడు.

సరే, కూర్చుంటాం. ఆ కార్యాలయం వరండాలో ఒక చెక్క బల్ల ఉంది. దాని మీద ఎవరూ లేని వేళ చూసి ఉభయులకూ అభ్యంతరం లేదని రాసుకునే మనుషులు వాళ్ళు. రేపటి నుంచి నీ షిఫ్టు మధ్యాహ్నానికి మారుతోంది కాబట్టి పొద్దుటి పూట నువ్వు, నీ డ్యూటీ వేళకు నేను. నా నడక నీకు తెలుసు, కాస్త ఆలస్యం కావచ్చు. నీకు డ్యూటీ మీద ప్రేమ ఎక్కువని కూడా నాకు తెలుసు. అయినా నేను వచ్చి ఆ బల్ల మీద కూర్చునేదాకా నువ్వు లేవకు. అధికారి వచ్చి చెప్పినా లేవకు.

ఇట్లు,
మొదటి వరస, మొదటి ఇంటి మనిషి